నల్లగుట్ట కోసం చేసిన ఎమ్మెల్యేగిరీ

ఈ మధ్య నా పాత శిష్యురాలొకామె వనపర్తిలో మా ఇంటికి వచ్చింది. చెరువులు పూడ్చేవాళ్ల మీద కొట్లాడుతూ తిరిగే మనిషి. కూర్చుంటూనే, "సార్, బయట ఉండి అరిచి అరిచి గొంతు పోతున్నది. రాజకీయాల్లకు పోదామనుకుంటున్న. మీరేమంటరు?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ సుజాత వంటింట్లోంచి అందుకుంది: "ముందు చాయ్ తాగమ్మా. రాజకీయాల్లకు పోయి ఏడ్సుడు తర్వాత సూద్దాం."

చాయ్ అయ్యాక కూడా నేను ఆ పిల్లకు సరైన జవాబు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను. గద్వాల కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరుగా చాలాకాలం, ఒక గుట్టకు కాపలాదారుగా కొంతకాలం, ఎమ్మెల్యేగా ఒక్క టర్ము పనిచేశాను. మొదటిదానికి చదువు కావాలి, రెండోదానికి పిచ్చి కావాలి, మూడోదానికి గట్టి మోకాళ్లు కావాలి. ఏ కమిటీల్లో సభ్యుణ్ణో ఇక్కడ రాయను. నేను వాటిలో ఉన్నానన్న సంగతి ఆ కమిటీలకే గుర్తులేదు.

గుడ్లగూబకు ఓటు లేదు

గద్వాల నుంచి ఇటిక్యాల వైపు వెళ్తుంటే రోడ్డుకు లోపలగా చెలిమపల్లి అనే ఊరుంది. దాని వెనక నల్లగుట్ట. పెద్ద గుట్టేమీ కాదు. కానీ దాని బండల సందుల్లో కొమ్ము గుడ్లగూబలు గూడు పెట్టేవి, వాన పడితే ఎక్కడా దొరకని గడ్డిజాతులు మొలిచేవి. ఏటా మా కాలేజీ పిల్లల్ని అక్కడికి తీసుకుపోయి చూపించేవాణ్ణి. ఒక ఏడు వెళ్లేసరికి గుట్టకు ఒక పక్క లేదు. దాని స్థానంలో ఒక కంకర క్రషర్ ఉంది. యజమాని పేరు గోవర్ధన్. చాలా మర్యాదస్తుడు. నన్ను చూడగానే కుర్చీ వేయించి, కూల్‌డ్రింక్ తెప్పించి, "సార్, గుట్టలు దేవుడిచ్చినయ్. మనం వాడుకోకపోతే దేవునికి కోపం రాదా?" అన్నాడు. ఆ వాదనకు జవాబు నా సిలబస్‌లో లేదు.

ఊరి బడిలో మీటింగ్ పెట్టాను. గుడ్లగూబ ఎన్ని ఎలుకల్ని తింటుందో, గుట్ట మీద పడిన వాన కింది బావుల్లోకి ఎలా దిగుతుందో గంటసేపు చెప్పాను. వచ్చినవాళ్లలో చాలామంది బడి వరండాలో నీడ బాగుంటుందని వచ్చినవాళ్లే. నా ఉపన్యాసం అయ్యాక ఈశ్వరమ్మ అనే రైతు లేచింది. గుట్ట కింద పొలం కౌలుకు పట్టి సీడ్ పత్తి వేసేది. మా వైపు సీడ్ పత్తి అంటే విత్తనం కోసం వేసే పత్తి. ప్రతి పువ్వుకూ పొద్దున్నే చేత్తో పుప్పొడి అద్దాలి, దాన్నే క్రాసింగ్ అంటారు.

"సారూ, గూబ సంగతి నాకు తెల్వదు. అది నా ఇంటి మీద కూసుంటే నేనే రాయి వెట్టి కొడ్త," అంది ఈశ్వరమ్మ. "గని ఆ మిషిని దుమ్ము నా పూల మీద పడుతున్నది. క్రాసింగ్ జేస్తే కాయ నిలుస్తలేదు. దానికేమన్న జేస్తవా?"

చేస్తానన్నాను. ఆ పూట నుంచి మా ఉద్యమంలో గుడ్లగూబ పేరు ఎత్తలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. మీకు ప్రాణమైన పక్షి మీ దగ్గరే ఉండనివ్వండి. ఎదుటి మనిషికి ఏది పోతున్నదో అడగండి. గుట్ట నిలబడితే గూబ ఎలాగూ నిలబడుతుంది, తనకోసం ఎవరూ ధర్నా చేయలేదని అది అలగదు.

తహసీల్దారు ఆఫీసు ముందు టెంటు వేశాం. ఆడవాళ్లు పొద్దున క్రాసింగ్ ముగించుకుని నేరుగా టెంటుకు వచ్చేవాళ్లు. పైనుంచి దుమ్ము కొలిచే అధికారులు యంత్రంతో సహా వచ్చారు. ఆ రోజే క్రషర్‌కు సెలవు. గాలి దివ్యంగా ఉందని రాసుకుని, ఈశ్వరమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయారు. మర్నాడు ఆమె గంపనిండా పూలు తెంపుకొచ్చి తహసీల్దారు బల్ల మీద గుమ్మరించింది. పసుపు పచ్చగా ఉండాల్సిన పత్తిపూలు సిమెంటులో ముంచి తీసినట్టున్నాయి. ఆయన తెల్లచొక్కాకు కూడా కొంత దుమ్ము అంటింది. టీవీవాళ్లు ఆ చొక్కాను దగ్గరగా చూపించారు. ఆ వారంలోనే క్రషర్‌కు తాళం పడింది. రైతు పంటకు కదలని ప్రభుత్వం అధికారి చొక్కాకు కదులుతుందని అప్పుడు తెలుసుకున్నాను.

జేసీబీ నిండా పూలు

తర్వాత కొన్నాళ్లకు బుచ్చన్న మా ఇంటికి వచ్చాడు. ఈ ప్రాంతంలో ఒక పెద్ద పార్టీకి ఆయనే దిక్కు. టిక్కెట్టు ఎవరికి రావాలో, ఎవరికి వచ్చినట్టే వచ్చి పోవాలో ఆయనే చూసేవాడు. నా భుజాల మీద గద్వాల పట్టు కండువా కప్పి, "సారూ, నీ అసొంటి సాఫ్ మనిషి మాకు గావాలె. బయట అరిస్తే అరుపే. లోపల్నుంచి అరిస్తే జీవో అయితది," అన్నాడు.

నా పారిశుధ్యం మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకు పుట్టిందో తర్వాత తెలిసింది. ఆయన మనుషులిద్దరు టిక్కెట్టు కోసం కొట్టుకుంటున్నారు. ఒకడికి ఇస్తే రెండోవాడు ఓడిస్తాడు. ఎవడివాడూ కాని మూడో మనిషి కావాలి. నేను గుట్టలు పట్టుకుని తిరిగేవాణ్ణి గనుక ఎవడివాణ్ణీ కాదు. నిజాయితీకి రాజకీయాల్లో గిరాకీ లేదనుకోకండి. అప్పుడప్పుడు, ఇలాంటి అత్యవసరాల్లో, బాగానే ఉంటుంది.

సుజాత మాత్రం, "గుట్ట ఎక్కేముందు ఎట్ల దిగాలెనో చూసుకుంటరు గదా. దీన్ల దిగే తొవ్వ చూసుకున్నరా?" అని అడిగింది. అదేమీ గుట్ట కాదు కదా అన్నాను.

గెలిచాను. విజయోత్సవంలో ఇప్పటి ఆచారం ప్రకారం జేసీబీ తొట్టినిండా బంతిపూలు నింపి నా నెత్తిన పోశారు. పూలు దులుపుకుని పైకి చూస్తే డ్రైవరు నవ్వుతూ చెయ్యి ఊపాడు. "గుర్తుపట్టలేదా సార్? మన బండే! గుట్ట కాడ ఉండె గదా!" బండి పక్కన గోవర్ధన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పోలింగుకు కాస్త ముందు మా పార్టీలో చేరాడట. నా కాళ్లకు మొక్కి, "మీ ఉద్యమంతోనే నాకు కండ్లు తెరుచుకున్నయ్ సార్. ఇగ నేను మీ మనిషిని," అన్నాడు. నల్లగుట్టను తవ్విన తొట్టిలోంచే నల్లగుట్ట రక్షకుడి మీద పూలు పడ్డాయి. పూలకేం తెలుసు, మంచి వాసనే వేశాయి.

మోకాళ్ల ఉద్యోగం

పర్యావరణాన్ని కాపాడటానికి అసెంబ్లీకి వెళ్లాలనుకునే పిల్లలు ఈ ముక్క జాగ్రత్తగా చదవాలి. నా టర్ములో పర్యావరణం గురించి నన్ను అడిగినవాళ్లు లేరు. దవాఖానలో మంచం, పిల్లవాడికి హాస్టల్ సీటు, భార్యాభర్తల బదిలీ, అన్నదమ్ముల గట్టు తగాదా అడిగేవాళ్లు. మిగిలిన సమయమంతా పెళ్లిళ్లు, చావులు. పెళ్లిలో ఫోటో అయ్యేదాకా నిలబడాలి. చావింట్లో నేలమీద కూర్చోవాలి. నిలబడీ కూర్చునీ, కూర్చునీ నిలబడీ మోకాళ్లు అరిగిపోతాయి. నాకు ఓటేశాక చచ్చిపోయినవాళ్ల మీద నాకెంత గౌరవమున్నా, ఒక ముహూర్తం రోజున ముగ్గురు పోతే లోపల విసుగొచ్చేది.

ఏటా మొక్కలు నాటే పండుగ ఒకటి వచ్చేది. నాగర్‌కర్నూల్‌లో జరిగిన ఒకదానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచి, చెట్ల చదువు చదివిన నా చేతికి కోనోకార్పస్ మొక్క ఇచ్చారు. దాని పుప్పొడి పడక ఊళ్లకు ఊళ్లు తుమ్ముతాయని చెప్పాను. "తెల్సు సార్. గని తొందరగ పచ్చగైతది, ఫోటోల మంచిగొస్తది," అన్నాడు అక్కడి ఉద్యోగి. గుంత మాత్రం చక్కగా, నున్నగా ఉంది. ఉండదా మరి, నిరుడు కూడా అదే గుంతలో నాటారు.

ప్లాస్టిక్ ఫ్లెక్సీలు కట్టొద్దని మా కార్యకర్తలకు గట్టిగా చెప్పాను. వాళ్లు చాలా సంతోషించారు. మర్నాడు గద్వాలలో ఎక్కడ చూసినా నిలువెత్తు ఫ్లెక్సీలు: "ఫ్లెక్సీలను నిషేధించిన ప్రియతమ నాయకునికి శుభాభినందనలు."

అయినా ఆ పెళ్లిళ్లనూ చావులనూ తక్కువ చేసి చూడొద్దంటాను. ఆఫీసులో ఎవరూ నిజం చెప్పరు. పెళ్లి భోజనం దగ్గర పక్కన కూర్చున్నవాడు చెప్తాడు.

ట్రాక్టరులో పురుడు

చెలిమపల్లికి అప్పటిదాకా మట్టిబాటే. వాన పడితే నల్లరేగడిలో చక్రం దిగబడేది. నేను పట్టుబట్టి తారురోడ్డు మంజూరు చేయించాను. కాంట్రాక్టు ఎవరికి వచ్చిందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. గోవర్ధన్ మర్యాదగా నా ముందు కూర్చుని, "సార్, కంకర దూరం నుంచి తేవాలంటే గిట్టుబాటు గాదు. నల్లగుట్ట తాళం తీపియ్యుర్రి, రోడ్డు ఎంబడే అయితది," అన్నాడు. కుదరదన్నాను. అతను కోప్పడలేదు. ఊళ్లోకి వెళ్లి, "నేను తయ్యారుగ ఉన్న. సారే గుట్ట ఇస్తలేడు," అని అందరికీ చెప్పాడు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం ఈశ్వరమ్మ నా ఆఫీసుకు వచ్చింది. చీర మోకాళ్లదాకా బురద. జనం మధ్యలోంచి నేరుగా నా బల్ల ముందుకు వచ్చి నిలబడింది. ఆమె కోడలికి నొప్పులు వస్తే అంబులెన్సు పెద్దరోడ్డు దగ్గరే ఆగిపోయిందట. ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి తీసుకుపోతుంటే, కుదుపులకు, దారిలోనే కాన్పయింది. పాప బాగుంది. కోడలికి రక్తం ఆగక గద్వాల దవాఖానలో పడి ఉంది.

"ఎట్లుందమ్మా ఇప్పుడు?" అన్నాను.

"డాక్టరమ్మ ఇంక ఏం జెప్తలేదు. సారూ, నీ గుట్టకు దెబ్బ తగలొద్దు. మా పిల్ల పానం బోయినా ఫరక్ లేదా?"

"గుట్ట ఇస్తే మళ్ల దుమ్ము లేస్తది గదా ఈశ్వరమ్మా. నీ పత్తి..."

"లేస్తది. దుమ్ము మీద కొట్లాడ్త. నీకు తెల్సు, నేను కొట్లాడ్త. సచ్చిపోయినంక ఎవని మీద కొట్లాడాలె?"

గదిలో ఉన్న జనమంతా నా ముఖం చూస్తున్నారు. ఆమె సమాధానం కోసం ఆగలేదు. కోడలి దగ్గరికి పోవాలని వెళ్లిపోయింది. వెనకే నేనూ దవాఖానకు వెళ్లాను. ఆ పిల్ల కళ్లు తెరిచేదాకా అక్కడే ఉన్నాను. తెరిచాక ఈశ్వరమ్మ, "బతికింది, పో ఇగ," అని మాత్రమే అంది.

రాళ్లకు పద్ధతి, ముఖానికి కొలత

తర్వాత కొద్దిరోజులకే కల్వకుర్తి దగ్గర ఒక పార్టీ నాయకుడింట్లో పెళ్లికి వెళ్తున్నాను. ఎత్తిపోతల కాలువ గట్టు మీద కార్లు ఆగిపోయాయి. కిటికీలోంచి చూస్తే గట్టు పొడవునా బండరాళ్ల దిబ్బలు. కాలువ తవ్వినప్పుడు పేల్చి పక్కన పోసినవి. వాటి మీద తుమ్మచెట్లు కూడా మొలిచాయి. మా గద్వాల వైపు కాలువల మీదా ఇలాంటి దిబ్బలే ఉన్నాయి. ఊళ్లకు దూరంగా బంజరులో నడిచే క్రషర్ కూడా ఒకటుంది. ఇంత రాయి ఊరికే పడి ఉంటే కొత్తగా గుట్టను పేల్చడమెందుకు? పెళ్లికి ఆలస్యమైనా ఆ రోజు మనసారా అక్షింతలు వేశాను.

నీటిపారుదల ఇంజనీరును అడిగితే, "అది మా శాఖ రాయి సార్. రోడ్లవాళ్లకు ఇచ్చే పద్ధతి లేదు," అన్నాడు. రోడ్ల ఇంజనీరును అడిగితే, "వాళ్ల రాయిని మేం అడిగే పద్ధతి లేదు సార్," అన్నాడు. ఇద్దరూ ఒకే కాంపౌండులో కూర్చుంటారు, ఒకే హోటల్లో టిఫిన్ తింటారు. మరి పద్ధతి ఎక్కడుంటుందని అడిగితే ఇద్దరూ పైకి చూశారు. పైన ఫ్యాను ఉంది. వాళ్ల ఉద్దేశం బుచ్చన్న.

బుచ్చన్న దగ్గరికి తయారై వెళ్లాను. రాయి గట్టిదనం పరీక్ష చేయించిన కాగితం, కింది బావుల పటం, పత్తి రైతుల గోడు, అన్నీ వరసగా చెప్పాను. ఆయన ఫోను చూసుకుంటూ, "మంచిగ చెప్పినవ్ సారూ. గని గోవర్ధన్ మన పిలగాడు. బాధపడ్తడు," అన్నాడు.

లేచి వచ్చేద్దామనుకున్నాను. గుమ్మం దగ్గర ఎందుకో నోట్లోంచి వచ్చింది: "పోనియ్ అన్నా. చౌరస్తాల గోవర్ధన్ పుట్టినరోజు ఫ్లెక్సీ చూసినవా?"

"లేదు. ఏంది?"

"ఏం లేదు. అతని ముఖం చేటంత ఉంది. నీది మూలకు నిమ్మకాయంత ఉంది."

బుచ్చన్న ఫోను బల్ల మీద పెట్టాడు. "నిమ్మకాయంతనా?"

"పెద్ద నిమ్మకాయ అన్నా."

చౌరస్తాకు మనిషిని పంపి ఫోటో తీయించి తెప్పించుకున్నాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. తర్వాత నా ఎదుటే ఫోన్లు చేశాడు. సాయంత్రానికల్లా కాలువ రాయికి పద్ధతి వచ్చింది. కాంట్రాక్టు కూడా చెయ్యి మారింది. కాగితాల కట్ట మాత్రం ఆయన బల్ల మీదే ఉండిపోయింది, దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నాడు.

ఇది పద్ధతేనా అని శిష్యురాలు అడుగుతుంది. నేను చెప్పింది నిజమే. నిమ్మకాయంతే ఉంది, కావాలంటే ఇప్పటికీ ఒట్టేస్తాను. నిజాల్లో ఏది ఎవరికి వినబడుతుందో తెలుసుకోవడమే ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్న ఒకే ఒక విద్య. అది నేర్చుకుంటూ, చేస్తూ, చివరికి అదొక్కటే మిగలకుండా చూసుకోవాలి. అదొక్కటే మిగిలినవాళ్లను చాలామందిని చూశాను. బుచ్చన్న కూడా మొదట్లో రైతుల కోసం జైలుకు వెళ్లినవాడే.

రోడ్డు పడింది. ప్రారంభోత్సవానికి ఈశ్వరమ్మ మనుమరాలిని చంకనెత్తుకుని వచ్చి వెనకే నిలబడింది. రిబ్బను కత్తిరించమని పిలిస్తే, "నాకు పనుంది," అని వెళ్లిపోయింది.

పచ్చదనం గెలిచింది

గోవర్ధన్ తెలివైనవాడు. తర్వాతి ఫ్లెక్సీలో బుచ్చన్న ముఖాన్ని చేటంత చేసి, తాను ఆయన కాళ్ల దగ్గర అగ్గిపెట్టెంత అయ్యాడు. ఎన్నికలొచ్చేసరికి టిక్కెట్టు అతనికే వచ్చింది. "సారుకు మోకాళ్ల నొప్పులు, పరేషాన్ చేసుడెందుకు," అన్నాడట బుచ్చన్న. గోవర్ధన్ ప్రచారమంతా చెట్లు, పచ్చదనం, భావితరాలు. కొన్ని వాక్యాలు నా పాత ఉపన్యాసాల్లోవే, నాకంటే బాగా చెప్పాడు. గెలిచి, ఇప్పుడు ఏదో పర్యావరణ కమిటీలో కూడా ఉన్నాడు. మేము సుజాత పుట్టినూరు వనపర్తికి మారి స్థిరపడ్డాం. దిగే దారి అలా దానంతటదే దొరికింది.

మొన్నటి వానాకాలం ఒకరోజు పొద్దున్నే ఫోనులో వీడియో వచ్చింది. నల్లగుట్ట దగ్గరికి మళ్లీ యంత్రాలు వచ్చాయి. కొత్త రోడ్డుకు అడ్డంగా ఊరివాళ్లు ట్రాక్టర్లు నిలబెట్టారు. నాకు ఎవరూ ఫోను చేయలేదు. అయినా చొక్కా తొడుక్కుని బస్సెక్కాను. బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటుతుండగా ఉపన్యాసం మొదలు, మధ్య, ముగింపు సిద్ధం చేసుకున్నాను.

నేను చేరేసరికి తహసీల్దారు వచ్చి ఉన్నాడు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాయన. ఈశ్వరమ్మ ట్రాక్టరు టైరుకు ఆనుకుని ఆయనతో మాట్లాడుతున్నది. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూసి, "వచ్చినవా? కూసో సారు," అని రాయి చూపించింది. గొంతు సవరించుకున్నాను. "ఉండు. మాట్లాడేది మేం మాట్లాడినం," అంది.

తర్వాత తహసీల్దారు వైపు తిరిగింది. "ఊరు మొత్తం గ్రామసభల వద్దన్నది. వద్దన్నట్టు మీరే రాసుకున్నరు. మళ్ల ఈ మిషిన్లు ఎట్లొచ్చినయ్? ఏం తేలుస్తవో జల్ది తేల్చు సారు. పూలు విచ్చుకున్నయ్, పొద్దెక్కితే క్రాసింగ్ గాదు."

ఆయన పక్కకు వెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. తిరిగి వచ్చి, మళ్లీ సభ పెట్టేదాకా పని ఆపమని డ్రైవర్లకు చెప్పాడు. యంత్రాలు వెనక్కి తిరిగాయి. అవి రేపు వస్తాయో వచ్చే ఏడు వస్తాయో చెప్పలేను. గోవర్ధన్ ఓపిక నాకు తెలుసు. ఆ ఊరి ఓపిక కూడా ఆ రోజు చూశాను. నా శిష్యురాలికి చెప్పేదేమంటే, వెళ్లాలనిపిస్తే వెళ్లు. కానీ నువ్వు లేకపోయినా అడ్డంగా నిలబడేవాళ్లు అక్కడ ఉండేటట్టు చూసుకుని వెళ్లు. నేను చూసుకోలేదు, వాళ్లే ఉన్నారు.

జీపెక్కబోతూ తహసీల్దారు రాయి మీద కూర్చున్న నన్ను చూసి ఆగాడు. "ఈ పెద్దాయన ఎవరమ్మా?"

ఈశ్వరమ్మ అప్పటికే చేను వైపు సగం దూరం నడిచింది. ఆగకుండానే వెనక్కి కేకేసింది:

"మా సారే. మంచోడు. నడుమల జర రాజకీయాలల్ల వడ్డడు. ఇప్పుడు బాగైండు!"